కొబ్బరిబోండంతో పరామర్శకొచ్చే బంధువుకు

అయ్యా, అమ్మా,

కందకుర్తి నుంచి రాస్తున్నాను. గోదావరి మహారాష్ట్ర దాటి తెలంగాణలో అడుగుపెట్టే చోటు, మంజీర, హరిద్ర వచ్చి దానిలో కలిసే చోటు మా ఊరు. మా బాపు డయాలసిస్ మీదున్నాడు. ఆయనకు వంట చేసేది నేను, మిషన్ దగ్గరికి తీసుకుపోయేదీ నేనే.

మా ఇంట్లో మీరు మేనమామ. పక్కవాడలో పెద్దమ్మ. రెంజల్‌లో ఒకరికి దోస్తు, బోధన్‌లో ఇంకొకరికి వియ్యంకుడు. డయాలసిస్ మనిషి ఉన్న ప్రతి ఇంటికీ మీరు వస్తారు. చేతిలో సంచి, సంచిలో బోండాలు, బత్తాయిలు, అరటిపండ్లు. మంచం పక్కకు కుర్చీ జరుపుకుని, రోగి చెయ్యి పట్టుకుని పథ్యం చెబుతారు. మీ ప్రేమ మీద నాకు అనుమానం లేదు. ఆ ప్రేమను చూసే ఇన్ని రోజులూ మీ ముందు నోరు విప్పలేదు. మా ఇంటి గోడు ఒక్కటే అయితే ఇప్పుడూ విప్పేదాన్ని కాదు. ప్రతి డయాలసిస్ సెంటర్ బయట బెంచీల మీద కూచున్న ఆడబిడ్డలు, కొడుకులు, కోడళ్లు ఇదే బాధ చెప్పుకుంటున్నారు. అందుకే నలుగురిలో రాస్తున్నాను.

మీ సలహాలన్నీ చివరికి రెండు మాటల కిందికి వస్తాయి. ఒకటి, "ఇది తాగించు బిడ్డా". రెండోది, "అది మాన్పించు". మొదటి మాట ఒక్క రాత్రిలో ప్రాణం తీయగలదు. రెండో మాట నెలల తరబడి మనిషిని కరగదీస్తుంది. రెండూ ఆపమని మిమ్మల్ని అడుగుతున్నాను. ఎందుకు అడుగుతున్నానో చెబుతాను, దయచేసి పూర్తిగా చదవండి.

ముందుగా మిషన్ సంగతి. డయాలసిస్ చేయించుకుంటే కిడ్నీ పని అయిపోయినట్టే కదా అని మీరంటారు. మంచి కిడ్నీలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని రక్తంలోంచి వడగట్టి, అవసరమైనదంతా తిరిగి ఒంటికిచ్చి, మిగిలిన లీటరున్నర, రెండు లీటర్లు మూత్రంగా బయటికి పంపుతాయి. రాత్రీ పగలూ ఆగవు. వారానికి 168 గంటల పని. మిషన్ మీద ఉండేది వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు. అంటే 12 గంటలు. మన దగ్గర రెండుసార్లే పోయేవాళ్లూ చాలామంది ఉన్నారు. మిగిలిన 156 గంటల్లో తిన్న ప్రతి ముద్దలోని ఉప్పూ, తాగిన ప్రతి గుక్కా చాలావరకు ఒంట్లోనే నిలవ ఉండిపోతాయి. డయాలసిస్ రోగికి తిండి మందులాంటిదని డాక్టర్లు చెప్పేది ఇందుకే.

ఇక బోండం సంగతి. ఎండాకాలం వడదెబ్బ తగిలినవాడికి, వాంతులు, విరేచనాలైనవాడికి కొబ్బరినీళ్లు ఎందుకు మంచివో దాని లోపలే ఉంది. నూరు మిల్లీలీటర్ల కొబ్బరినీళ్లలో సుమారు 250 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. ఒక బోండం తాగితే ఆరేడు వందలు. మామూలు మనిషికి ఎక్కువైంది మూత్రంలో పోతుంది. డయాలసిస్ మనుషుల్లో చాలామందికి మూత్రమే రాదు, లేదంటే కొద్దిగా వస్తుంది. అందుకే చాలామంది రోగులకు రోజు మొత్తం తిండిలోంచి రెండు, రెండున్నర వేల మిల్లీగ్రాములు దాటొద్దని డాక్టర్లు చెబుతారు. రెండు బోండాలతోనే అందులో సగానికి పైగా అయిపోతుంది. రక్తంలో పొటాషియం 3.5కూ 5కూ మధ్య ఉండాలి. అది ఆరు, ఆరున్నర, ఏడు అవుతున్నకొద్దీ గుండె కొట్టుకునే తీరు తప్పుతుంది. నొప్పి ఉండదు, జ్వరం ఉండదు. కాళ్లు బరువెక్కుతాయి, అదీ అందరికీ కాదు. కొందరికి ఏ సూచనా లేకుండానే గుండె ఆగిపోతుంది.

మా ఇంట్లో జరిగింది చెబుతాను. ఒక ఆదివారం మీరొచ్చారు. నేను వాగు అవతల పొలంలో ఉన్నాను. బాపుకు దాహంగా ఉందంటే మూడు బోండాలు కొట్టించి ఇచ్చారు, పైన రెండు అరటిపండ్లు. ఆయన సంబురంగా తాగాడు, చాలా రోజుల తరవాత కడుపునిండా తాగానన్నాడు. రాత్రి మూత్రానికి లేవబోతే కాళ్లు లేవలేదు. "బిడ్డా, నా కాళ్లు నావి కావు" అన్నాడు. అర్ధరాత్రి బండి మాట్లాడుకుని దవాఖానకు పోయాం. ఈసీజీ కాగితం చూడగానే డ్యూటీ డాక్టర్ ఇంకేమీ అడగలేదు, కాల్షియం ఇంజెక్షన్ ఎక్కించమన్నాడు. తరవాత గ్లూకోజులో ఇన్సులిన్. తెల్లారేలోపల మిషన్ ఎక్కించారు. పొటాషియం ఏడు దాటింది. బాపు బతికాడు. అదే రాత్రి, అదే వరండాలో, ఇంకో ఇంటివాళ్లు ఏడుస్తూ తిరిగిపోవడం చూశాను.

ఆదివారం అని ఎందుకు చెప్పానంటే, అందులోనూ ఒక లెక్క ఉంది. మూడుసార్లు చేయించుకునేవాళ్లలో కొందరికి సోమ, బుధ, శుక్రవారాలు. కొందరికి మంగళ, గురు, శనివారాలు. ఎవరిది ఏ వరసైనా ఆదివారం మిషన్ ఉండదు. వారంలో వరసగా రెండు రోజుల ఎడం వచ్చేది అప్పుడే. అమెరికాలో ముప్పై వేల పైచిలుకు రోగుల వివరాలు చూసి 2011లో అచ్చువేసిన ఒక అధ్యయనంలో, ఆ పెద్ద ఎడం ముగిసే రోజునే మరణాలూ, గుండె జబ్బుతో ఆసుపత్రిలో చేరికలూ ఎక్కువని తేలింది. మనకు పరామర్శకు తీరిక దొరికేది ఆదివారమే. పండ్ల సంచీ, మటన్ కూరా వచ్చేది ఆదివారమే. రోగి ఒంట్లో నీరూ పొటాషియమూ పేరుకుని ఉండే రోజున మనం ఇంకా పోస్తున్నాం.

కొబ్బరితోటల మధ్య బతుకుతున్నవాళ్ల సంగతి కూడా మీకు తెలియాలి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు, ఊరూరా కిడ్నీ రోగులే. కారణం ఇదీ అని ఇప్పటికీ ఎవరూ తేల్చలేకపోయారు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రీ, కిడ్నీ పరిశోధన కేంద్రమూ తెరిచారు. అక్కడ వాకిట్లో చెట్టుంటుంది, చెట్టుకు గెలలుంటాయి. డయాలసిస్ మీదున్న రైతు తన చెట్టు కాయను తాను తాగకూడదు. తాను పెంచిన కాయను తాగకుండా అతను నిగ్రహించుకుంటున్నప్పుడు, బజారులో కొని తెచ్చి మంచం దగ్గర పెట్టడం మనం మానలేమా?

బోండం వద్దంటే మీరు బత్తాయి రసం అంటారు. అందులోనూ పొటాషియమే, పైగా గ్లాసుడు నీరు. రసం వద్దంటే "నీళ్లన్నా బాగా తాగించు, కిడ్నీలు కడుక్కుపోతాయి" అంటారు. ఈ సలహా ఎక్కడి నుంచి వచ్చిందో ఆలోచిస్తే నాకు అర్థమైంది. మన ఊళ్లల్లో కిడ్నీ జబ్బు అంటే రాయి. రాయి పడితే నీళ్లు బాగా తాగాలి, బార్లీ నీళ్లు తాగాలి. కొండపిండాకు పసరు, ఉలవల కట్టు, అరటిదూట రసం ఇవన్నీ రాయి కోసం మన పెద్దలు చెప్పినవి. కిడ్నీ పని చేస్తూ, దానిలో రాయి ఉన్నవాడి సంగతి అది. కిడ్నీ పనే ఆగిపోయినవాడి సంగతి పూర్తిగా వేరు. అతనికి ఆ నీరు ఎటూ పోదు. కాళ్లలోకి, పొట్టలోకి, ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. రాత్రి పడుకుంటే ఊపిరాడక లేచి కూచుంటాడు.

డయాలసిస్ మనిషి నీళ్ల లెక్క ఇట్లా ఉంటుంది. ఒక రోజంతా ఎంత మూత్రం వచ్చిందో కొలుస్తారు. దానికి అర లీటరు నుంచి ముప్పావు లీటరు కలుపుతారు. అంతే. ఆ లెక్కలో చాయ్ ఉంది, మజ్జిగ ఉంది, చారు ఉంది, అంబలి ఉంది, గోళీలు మింగే నీళ్లున్నాయి. అరవై కిలోల మనిషి రెండు డయాలసిస్ సిట్టింగుల మధ్య రెండు, రెండున్నర కిలోలకు మించి పెరగకూడదు. పెరిగితే ఆ నాలుగు గంటల్లోనే అంతా గుంజాలి. గుంజుతుంటే బీపీ పడిపోతుంది, పిక్కలు పట్టేస్తాయి, గుండె అలిసిపోతుంది. మిషన్ మీద పెద్ద పెద్ద మనుషులు కాళ్లు పట్టుకుని అరుస్తుంటే చూసినవాళ్లెవరూ ఇంకో గ్లాసు తాగమని అనరు.

దాహమైతే ఎట్లా అని అడుగుతారు. దాహం ఉప్పుతోనే మొదలవుతుంది. ఎనిమిది గ్రాముల ఉప్పు ఒంట్లోకి పోతే, దాన్ని సరిచేసుకోవడానికి ఒళ్లు ఒక లీటరు నీళ్లు అడుగుతుంది. అది ఎవరూ ఆపలేని దాహం. కాబట్టి నీళ్లు తగ్గించడమంటే ముందు మామిడికాయ తొక్కు, పాపడాలు, మిక్చర్ తగ్గించడం. రోజంతటికీ కలిపి ఉప్పు ఒక చిన్న చెంచాడు, ఐదు గ్రాములకు మించొద్దు. నాలుక ఎండితే నిమ్మచెక్క చప్పరించొచ్చు, చిన్న మంచుముక్క నోట్లో పెట్టుకోవచ్చు, నీళ్లు పుక్కిలించి ఊసేయొచ్చు. ఇంకో హెచ్చరిక. "సోడియం తక్కువ ఉప్పు" అని పొట్లాం మీద ఉంటే మంచిదనుకుని తెస్తారు. సోడియం తగ్గించిన చోట అందులో పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. కిడ్నీ రోగికి ఆ పొట్లాం ముట్టుకోకూడనిది.

మన నేల పంటల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మీరు వాటితోనే వస్తారు. బెల్లం మంచిది, చక్కెర విషం అని మీరు చెబుతుంటారు. నిజాంసాగర్ నీళ్లతో చెరకు పండించిన ప్రాంతం మనది. శక్కర్‌నగర్‌లో 1937లో మొదలై, 2015 డిసెంబరులో మూతపడిన నిజాం షుగర్స్‌లో పనిచేసిన పెద్దలు మన ఇళ్లల్లో ఇంకా ఉన్నారు. వాళ్లను అడగండి. చెరకు రసం కాచి గడ్డకట్టించాక, గిరగిర తిప్పి పలుకులు వేరు చేస్తే నల్లటి మొలాసిస్ విడిపోతుంది. చెరకులోని పొటాషియం దాదాపంతా దానితోనే పోతుంది. తెల్ల చక్కెరలో అది లేనట్టే లెక్క. బెల్లంలో ఆ లవణాలన్నీ ఉండిపోతాయి. ఆరోగ్యవంతుడికి అది లాభం, డయాలసిస్ మనిషికి అదే ముప్పు. షుగర్ జబ్బు కూడా ఉన్నవాళ్లకు చక్కెర, బెల్లం రెండూ ఒకే తీరుగా షుగర్ పెంచుతాయి, అది వేరే సంగతి. కానీ అదే రోగికి ఇన్సులిన్ ఎక్కువై షుగర్ పడిపోయి చెమటలు పడుతుంటే చేతికి అందాల్సింది చక్కెర, లేదంటే గ్లూకోజ్ పొడి. ఆ గడియలో బత్తాయి రసం, అరటిపండు పెట్టొద్దు.

పసుపు కూడా అంతే. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాద్‌లోనే మొదలైంది. మన పసుపు మీద నాకూ అంతే గర్వముంది. కూరలో చిటికెడు వేస్తే ఏ ఇబ్బందీ లేదు. పాలల్లో చెంచాలకు చెంచాలు కలిపి రోజూ తాగిస్తే పొటాషియం, ఆక్సలేట్, పాలలోని భాస్వరం, పైన గ్లాసుడు ద్రవం అన్నీ కలిసి పోతాయి. రంజాన్ నెలలో ఇరుగుపొరుగు ప్రేమగా తెచ్చే ఖర్జూరాల్లోనూ పొటాషియం దండిగా ఉంటుంది. ఇవన్నీ ఒక ఎత్తు, పట్నం సూపర్ మార్కెట్లలో దొరికే స్టార్ ఫ్రూట్ ఒక ఎత్తు. అందులో కారంబాక్సిన్ అనే విషముంటుందని బ్రెజిల్ శాస్త్రవేత్తలు 2013లో గుర్తించారు. మంచి కిడ్నీ దాన్ని బయటికి పంపేస్తుంది. కిడ్నీ రోగికి ఆగని వెక్కిళ్లు, మతి తప్పడం, ఫిట్స్ వచ్చి ప్రాణం కూడా పోవచ్చు. కొత్త పండు కదా అని తేవొద్దు.

ఇక మీ రెండో మాట, "మాన్పించు". గుడ్డు మాన్పించు, చేప మాన్పించు, మాంసం ముట్టనీయకు, క్రియాటినిన్ పెరుగుతుంది. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఈ మాటే. ఎందుకంటే దీనిలో సగం నిజముంది, ఆ సగం నిజం పట్టుకునే మా ఇళ్లల్లో మనుషులు ఎండిపోతున్నారు.

ఆ సగం నిజం ఇది. 1963లో ఇటలీలో జోర్దానో, మరుసటి ఏడాది అక్కడే జియొవన్నెట్టి, కిడ్నీలు పాడవుతున్న రోగులకు మాంసకృత్తులు బాగా తగ్గించి పెడితే రక్తంలో యూరియా తగ్గి, వాంతులూ వికారమూ తగ్గుతాయని చూపించారు. డయాలసిస్ మిషన్లు అరుదుగా ఉన్న కాలమది. మిషన్ ఎక్కని రోగికి మాంసకృత్తులు కొంత తగ్గించమని ఇప్పటికీ డాక్టర్లు చెబుతారు. మీరు విన్నది అదే. అయితే మిషన్ ఎక్కిన రోజు నుంచి ఆ లెక్క తిరగబడుతుంది. మిషన్ రక్తంలోని చెత్తతో పాటు ఒంటికి పనికొచ్చే అమైనో ఆమ్లాలను కూడా లాగేస్తుంది. ఒక్కో సిట్టింగులో ఆరు నుంచి పన్నెండు గ్రాములు. అంటే ఒకటి, రెండు గుడ్లలో ఉండేంత ప్రతిసారీ గొట్టంలో కొట్టుకుపోతుంది. అందుకే డయాలసిస్ మీదున్నవాళ్లకు కిలో బరువుకు రోజూ 1 నుంచి 1.2 గ్రాముల మాంసకృత్తులు కావాలని 2020లో సవరించిన అమెరికా మార్గదర్శకాలు చెబుతున్నాయి. అరవై కిలోల మనిషికి అరవై నుంచి డెబ్బై రెండు గ్రాములు. అన్నం, చారుతో అది ఎన్నటికీ అందదు.

అందకపోతే ఏమవుతుంది? ఒళ్లు తన కండను తానే తింటుంది. రక్తంలో అల్బుమిన్ అనే మాంసకృత్తు పడిపోతుంది. 1990లో అమెరికాలో పన్నెండు వేల పైచిలుకు డయాలసిస్ రోగుల రికార్డులు చూసినప్పుడు, ఎవరు బతుకుతారు, ఎవరు పోతారు అని చెప్పడంలో అల్బుమిన్ అన్నిటికంటే ముందు నిలిచింది. మీరు వచ్చీరాగానే అడిగే క్రియాటినిన్ సంగతి కూడా ఆ రికార్డులు చెప్పాయి. క్రియాటినిన్ కండలోంచి వస్తుంది. మిషన్ మీదున్న మనిషికి అది మరీ తక్కువగా ఉంటే కండ కరిగిపోతున్నదని అనుమానించాలి. ఎనిమిది నుంచి ఐదుకు దిగిందని మీరు సంతోషపడి మిఠాయి పంచే రోజున, ఆ మనిషి బనీను భుజాల మీది నుంచి జారిపోతున్నదని చూడండి.

మా ఊరు పుణ్యక్షేత్రం. త్రివేణీ సంగమంలో స్నానాలకు, పిండప్రదానాలకు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. కార్తీకం వస్తే, శివరాత్రి వస్తే ఒక్కపొద్దు ఉంటేనే రోగం పోతుందని మీరు బాపుతో అంటారు. భక్తి మీద నాకూ గురి ఉంది. కానీ రోగి తిండి మానితే కండ కరగడంతో పాటు కణాల్లోని పొటాషియం కూడా రక్తంలోకి వస్తుంది. ఒక్కపొద్దు నేనుంటాను, దీపం నేను పెడతాను. ఆయన్ను తిననీయండి.

ఆయన ఏం తింటాడో మీకు తెలిస్తే భయం తగ్గుతుందని చెబుతున్నాను. పొద్దున రెండు ఇడ్లీలు, రెండు గుడ్ల తెల్లసొన. తెల్లసొనలో మాంసకృత్తులుంటాయి, భాస్వరం దాదాపు ఉండదు, అందుకే పచ్చసొన కంటే దానికే ముందు చోటు. మధ్యాహ్నం అన్నం, ఒక కూర, మంజీర చేపో కోడికూరో అరచేతి మందాన. కూరకు ఆనిగెపుకాయ, బీరకాయ, దొండకాయ, క్యాబేజీ. ముందు రాత్రే చెక్కు తీసి, సన్నగా తరిగి, వెడల్పాటి గిన్నెలో గోరువెచ్చని నీళ్లు పోసి నానబెడతాను. ఆ నీళ్లు పారబోసి, కొత్తగా దండిగా నీళ్లు పోసి ఉడికించి, మళ్లీ వంపేస్తాను. పొటాషియం నీళ్లల్లో కరిగి పోతుంది. అప్పుడు తాళింపు. ఆ కూర చప్పగా ఉంటుంది. ఎల్లిపాయ, జీలకర్ర, మిరియం, కొత్తిమీర, దించేముందు నిమ్మరసం పిండితే తినబుద్ధవుతుంది. ఆలుగడ్డ, చేమగడ్డ, పుంటికూర, టమాట, పచ్చిపులుసు ఆయన పళ్లెంలో కనిపించవు, లేదంటే పండగపూట ఒక చెంచా. పప్పు పూర్తిగా మానలేదు. నానబెట్టి, ఉడికిన నీళ్లు వంపి, కొద్దిగా పెడతాను. పండు కావాలంటే ఆపిల్ ముక్కో, అనాస ముక్కో.

అన్నంతో పాటే ఒక గోళీ ఉంటుంది. తిండిలోని భాస్వరాన్ని పేగుల్లోనే పట్టుకునే మందు అది. భోజనం మధ్యలో వేసుకుంటేనే పనిచేస్తుంది, ఖాళీ కడుపున వేసుకుంటే వృథా. మిషన్ భాస్వరాన్ని సరిగా తీయలేదు. అది పెరిగితే ఒళ్లంతా దురద, ఎముకలు బలహీనం, రక్తనాళాల్లో సున్నం పేరుకోవడం. మీరు వచ్చినప్పుడు అందరికీ పోసే నల్లటి కూల్‌డ్రింకులో ఉండేది ఫాస్ఫారిక్ ఆమ్లం. దాన్ని పేగులు దాదాపు పూర్తిగా పీల్చుకుంటాయి. బాపు ముందు ఆ సీసా తెరవొద్దు.

మిషన్ మీద ఉండగా తినొచ్చా అని కూడా మీరు అడుగుతుంటారు. కడుపునిండా తింటే రక్తం పొట్ట వైపు పోయి బీపీ పడుతుంది. బీపీ నిలకడగా ఉన్న రోగి కొద్దిగా తింటే మంచిదని 2018లో కిడ్నీ పోషణ నిపుణుల అంతర్జాతీయ సంఘం చెప్పింది. బాపుకు ఎదురుగా కూచుని రెండు ఉడికిన తెల్లసొనలు ముక్కలు చేసి ఇస్తాను. ఆయన కుడిచేతిలో మిషన్ సూదులుంటాయి కాబట్టి ఎడమచేత్తో తింటాడు. పక్క మంచం ఆయనకు తినగానే బీపీ పడుతుంది, ఆయన ఇంటికి పోయి తింటాడు. ఏ ఇద్దరికీ ఒకే లెక్క ఉండదని ఆ గదిలో ఒక్కపూట కూచుంటే తెలుస్తుంది. ఒకరికి ఇంకా లీటరు మూత్రం వస్తుంది, ఒకరికి చుక్క రాదు. ఒకరికి పొటాషియం ఎక్కువ, ఇంకొకరికి తక్కువ. నేను పైన రాసింది బాపు పళ్లెం. ఇంకో రోగి పళ్లెం అతని నెలవారీ రక్తపరీక్ష కాగితం చూసి అతని డాక్టర్ చెప్పాలి.

మీ మీదే నేరమంతా మోపడం న్యాయం కాదని నాకు తెలుసు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వల్ల పేదవాడికి మిషన్ అందింది. తెలంగాణలో 2022లో డయాలసిస్ రోగులకు ఆసరా పింఛను 2,016 రూపాయలు ఇవ్వడం మొదలుపెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో డయాలసిస్ పింఛను పది వేలు చేశారు. ఇవన్నీ మనుషులను బతికించాయి. కానీ మా వంటి ఊళ్లవాళ్లకు పక్కన కూచుని, మా భాషలో, మా కూరగాయల పేర్లతో, ఏం తినాలో ఎట్లా వండాలో చెప్పే డైటీషియన్ దొరకడం కష్టం. డాక్టర్ "నీళ్లు తగ్గించు, ఉప్పు తగ్గించు" అని ఒక్క ముక్క చెప్పేలోపల తరవాతి రోగి వస్తాడు. ఆ ఖాళీలోకి మీరొచ్చారు. తీరిగ్గా కూచుని చెప్పేవాళ్లు మీరొక్కరే కాబట్టి రోగి మీ మాటే వింటాడు. మిషన్ ఉన్న ప్రతి చోటా ఒక డైటీషియన్ ఉండాలనీ, వంటచేసే మనిషిని కూచోబెట్టి నెలకోసారైనా మాట్లాడాలనీ మనందరం కలిసి అడగాలి. రోజూ గుడ్డు కొనలేని ఇంటికి గుడ్డు అందేలా చూడమనీ అడగాలి. మిషన్ ఉచితంగా ఇచ్చి, కండ నిలబెట్టే తిండి సంగతి ఇంటికే వదిలేస్తే సగం పనే అయినట్టు.

అప్పటిదాకా మీతో నాకు కొన్ని విన్నపాలున్నాయి. రావడం మానొద్దు. డయాలసిస్ మనిషికి వారంలో సగం రోజులు మిషన్‌తో, సగం రోజులు నీరసంతో పోతాయి, నలుగురు వచ్చి మాట్లాడితే ప్రాణం లేచి వస్తుంది. వచ్చేటప్పుడు పండ్ల సంచికి బదులు ఒక అట్ట కోడిగుడ్లు తెండి. శాకాహారులైతే ఏం తేవాలో ముందు ఇంటి మనిషిని ఫోన్లో అడగండి. పసరు, కషాయం, పొడి, ఎవరో పంపిన వైద్యం ఏదైనా సరే రోగి చేతికివ్వకండి, డాక్టర్‌కు చూపించాకే అని పట్టుబట్టండి. "మా వాళ్లొకరు ఇది తాగి మిషన్ మానేశారు" అనే మాట రోగి చెవిన వేయకండి. ఆ ఒక్క మాట పట్టుకుని సిట్టింగులు ఎగ్గొట్టి పోయినవాళ్లున్నారు. ఒక రోజు నా బదులు మీరు బాపును మిషన్‌కు తీసుకుపోండి, ఆ నాలుగు గంటలు పక్కన కూచోండి. బరువు చూసేటప్పుడు "ఎంత పెరిగారు, ఎంత తీశారు" అని సిస్టర్‌ను మీరే అడగండి. ప్రభుత్వ జీవన్‌దాన్ పథకంలో అవయవదానానికి పేరు రాయించుకోండి. మిషన్ నుంచి విడుదల ఇచ్చే దారి చాలామందికి అలా దొరికే కిడ్నీ మార్పిడి ఒక్కటే.

ఇక ముందు ఎవరింటికి పోయినా, నోట్లోంచి పథ్యం వచ్చేముందు ఒక్క ప్రశ్న అడగండి: "ఈ నెల రిపోర్టులో పొటాషియం ఎంత, అల్బుమిన్ ఎంత?" జవాబు తెలియకపోతే వాళ్లతో కలిసి డాక్టర్ దగ్గరికి పోయి తెలుసుకోండి. మీరు ఆ పని చేస్తే, ఈ లేఖలో మీ గురించి రాసిన ప్రతి కటువు మాటనూ వెనక్కి తీసుకుంటాను.

ఇట్లు,
డయాలసిస్ మీదున్న ఒక రైతు బిడ్డ,
కందకుర్తి, రెంజల్ మండలం, నిజామాబాద్ జిల్లా